పడమటి రేవులో కొట్టిన కాయ

అక్క నూకాలుకు, తమ్ముడు పైడిరాజు దండం పెట్టి రాస్తున్నది.

నా ఒంటికి ఏమీ కాలేదు. ముందు అది నమ్ము, తర్వాత మిగతాది చదువు. అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? ఇంకా మొండికేసి కూరలకని అయిదో అంతస్తు నుంచి దిగుతోందా? దిగొద్దని నా మాటగా చెప్పు. బాల్కనీ నుంచి తాడు వదిలితే కూరలమ్మే మనిషే క్లిప్పుకు సంచి తగిలిస్తుంది కదా, మరి ఆ తాడు దేనికి కట్టుకున్నాం? బావకు పని దొరుకుతోందా? బావకు, మీ అత్తగారికి నా దండాలు. మన రంగూను లమ్మడా పేటలో కరెంటు ఇప్పుడైనా కాస్త నిలబడుతోందా, లేక అమ్మ ఇంకా చీకట్లోనే అన్నం తింటోందా, రాయి.

ఫోను ఉండగా ఉత్తరం ఏమిటని అడుగుతావు. ఇక్కడ ఫోను పలకాలంటే కంపెనీ భోజనశాలలో అందరి మధ్యా కూచోవాలి. పక్కవాడి చెవి మన నోట్లోనే ఉంటుంది. సింహాచలం మావ ఒప్పందం అయిపోయి ఇంటికి వస్తున్నాడు, ఆయన చేతికే ఇది ఇస్తున్నాను. ఇన్సేన్ రైలు వర్క్‌షాపులో నాన్నతో పనిచేసిన మావే, నాతోపాటు ఇక్కడికి వచ్చినాయన. తెలుగులో రాస్తే ఈ దీవి మొత్తం మీద మా ఇద్దరికి తప్ప ఎవరికీ ముక్క అర్థం కాదు. అమ్మమ్మ మనల్ని తొడపాశం పెట్టి ఓనమాలు దిద్దించినందుకు ఇన్నాళ్ళకు ఒక లాభం.

మన కడసారి తమ్ముడు చిన్నోడి సంగతి కోసం నీ కళ్ళు ముందు వెతుకుతాయని తెలుసు. వాణ్ణి ఇక్కడ పనిలోకి రప్పించే ఆర్డరు గురించే ఈ ఉత్తరమంతా. కాని వరసగా చదువు. చివరికి పోయి అదొక్కటి చూసుకుని మిగతాది పక్కన పడేశావంటే నా మీద ఒట్టే. వాణ్ణి సైన్యంలోకి పిలుస్తారన్న భయంతో ఒక పూట బావ చెల్లెలింట్లో, ఒక పూట ఇంకొకరింట్లో తల దాచుకుంటున్నాడని నువ్వు చెప్పినప్పటి నుంచీ నాకు ముద్ద దిగడం లేదు. పాతికేళ్ళ కుర్రాడు సొంత ఊళ్ళో దొంగలా గోడ పక్కన నడవాలా? నా కోపం అక్కడ మొదలైంది, ఇక్కడికొచ్చి ముదిరింది.

చౌక్తడా పేట ఆఫీసులో, మనుషుల్ని పనికి పంపే ఆ ఏజెంటు మనకు ఏమని చెప్పాడు? దీవిలో హోటలు కడుతున్నారు, జెట్టీ కడుతున్నారు, చల్లటి గాలి, మంచి తిండి అని. గాలి నిజమే, రేకులు ఎగిరిపోయేంత గాలి. ఇది దీవి కాదక్కా, ఒక దేశం. జెండా ఉంది, మంత్రులున్నారు, బడిపిల్లలు పాడే జాతీయగీతం ఉంది. వాన కురిస్తే దేశం మొత్తం ఒకేసారి తడుస్తుంది, అంతే ఉంది. ఓడ వస్తే ఉల్లిపాయ, రాకపోతే లేదు. ఇంత చిన్న దేశం మీద పెట్టుబడి పెట్టడానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. డబ్బు ఒక దేశానిది, ఇంజినీర్లు ఇంకో దేశం వాళ్ళు, చెమట మనది, ఇసుక మాత్రం వీళ్ళది. రోడ్డు పక్కన పెద్ద బోర్డు పెట్టారు, ఒక పిల్ల నవ్వుతున్న బొమ్మ, కింద ‘మీ రేపటి కోసం’ అని. ఆ పిల్ల ఈ దేశం పిల్ల కూడా కాదు.

తిండి సంగతి అడగకు. చుట్టూ సముద్రం పెట్టుకుని వీళ్ళు కొట్లో డబ్బా చేపలు కొంటారు. వీళ్ళ నీళ్ళలో పట్టుకునే హక్కు ఏవో పెద్ద ఓడలకు రాసిచ్చేశారట. వాళ్ళు పట్టుకుపోయి, డబ్బాలో కుక్కి, తిరిగి వీళ్ళకే అమ్ముతారు. మాకూ అవే డబ్బాలు. మావ దాచి తెచ్చుకున్న ఙపీ చేపముద్దను, కంపు కొడుతోందని క్యాంపు బాస్ చేతి తొడుగు వేసుకుని మరీ తీసుకుపోయి సముద్రంలో పారేశాడు. ఆ పూట మావ మొహం చూడాలి, ఇంట్లో మనిషి పోయినట్టు కూచున్నాడు. ఎవరైనా ఇటు వస్తే కాస్త చింతపండు, బలచౌంగ్ రొయ్యపొడి సీసా పంపు. పొద్దున్నే మోహింగా చేపపులుసు బండి గంట వినిపించినట్టయి లేస్తాను, లేస్తే జెనరేటరు మోత. ఊళ్ళో దీపాలుండవు, కంపెనీ కంచె లోపల కుక్కగూటికి కూడా బల్బు ఉంటుంది.

సరే, అసలు సంగతి. మేము ముందు తూర్పు రేవులో పని మొదలుపెట్టాం. అక్కడ ఊరివాళ్ళు పడవలు లాగి, సరిగ్గా క్రేను నిలబెట్టాల్సిన చోట ఇసుకలో చాపలు పరుచుకుని కూచున్నారు. మా తాతల నుంచీ పడవలు ఇక్కడే దిగుతాయి, ఈ రేవు వదలం అని. మంత్రులొచ్చి చెప్పారు, లాయర్లొచ్చి చెప్పారు. లేవలేదు. ఎందుకు లేస్తారు? ఆ మంత్రులు కంపెనీకి రాసిచ్చింది అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టే కదా. చివరికి మేనేజరు విసిగిపోయి, వాళ్ళ పక్కనే క్రేను పెట్టి మొదటి స్తంభం ఎత్తెయ్యమన్నాడు.

క్రేను మొదటి బరువు ఎత్తే ముందు కాయ కొట్టాలి. తాత రంగూను జెట్టీలో బస్తాలు మోసిన కాలం నుంచి అది మన రేవువాళ్ళ పద్ధతి. బావ వాళ్ళది బర్మా పద్ధతి, వేరు. వాళ్ళు ఇంటి దేవతకు, ఆ నాట్‌కు, కాయను పగలగొట్టకుండా నిండుగా వేలాడదీస్తారు. కొత్త కోడలివి, పచ్చడికని నువ్వు ఆ కాయను దించబోతే మీ అత్తగారు వీధంతా వినేలా అరిచింది, మరిచిపోయావా? కాయ ఒకటే, దాన్ని చూసే కళ్ళు వేరు. అంత తెలిసీ ఆ రోజు నాకు ఆ ముక్క తట్టలేదు.

“కాయ కొట్టకండా ఇనుము ఎత్తితే నాను క్రేను స్లింగు ముట్టుకోను, ఏటనుకున్నావు?” అని మావ భీష్మించుకున్నాడు. చేతిలో కాయ లేదు. చెట్టు కింద రాలి ఉన్నది ఒకటి తెచ్చి, పీచు తీసి, మావ పెట్టెలోని కుంకుమ రాసి, నేనే ఇనప స్తంభం మీద కొట్టాను. ఒక్క దెబ్బకు సమంగా పగిలింది. మావ కళ్ళకద్దుకున్నాడు. ప్రసాదం పక్కవాళ్ళకు పెట్టకుండా మనం నోట్లో వేసుకుంటామా? అమ్మ అలా పెంచిందా మనల్ని? చాపల మీద కూచున్నవాళ్ళలో పెద్దావిడ, టేలా అని పేరు, మన అమ్మకంటే ఇంకా పెద్దది, ముందు ఆవిడకే ముక్క ఇచ్చాను.

ఆవిడ తీసుకోలేదు. నా మొహం వైపు చాలాసేపు చూసింది. “నువ్వే ఇస్తున్నావా? నీ చేత్తోనే?” అంది, వచ్చీరాని ఇంగ్లీషులో.

“నేనేనమ్మా, తీసుకో” అన్నాను.

తీసుకుని కొరికింది. మిగతావాళ్ళకు తనే చిన్న చిన్న ముక్కలు చేసి పంచింది. అందరూ తిన్నారు. తిని, చాపలు చుట్టుకుని, పడవలు పక్కకు లాగి క్రేనుకు దారిచ్చారు! మేనేజరు నోరు తెరుచుకుని చూశాడు. మావ మీసం దువ్వుకున్నాడు. “సూసినావేటి? దేవుడు దేవుడే. ఊరేదయితే ఏటి?” అన్నాడు. నేనూ అలాగే అనుకున్నానక్కా.

ఆ తర్వాత టేలా కంచె దగ్గరకొచ్చి నాకు కాల్చిన చేప, ఉడికించిన పనసలాంటి కాయ ఇచ్చి పోతుండేది. తల నిమిరేది. పరాయి దేశంలో ఒక పెద్దదిక్కు దొరికిందని మురిసిపోయాను. ఒక రోజు పనికి పోతే రేవు పొడుగునా ఇనప కంచె వేసేసి ఉంది. పడవలన్నీ బయట, రోడ్డు పక్క ముళ్ళల్లో బోర్లించి ఉన్నాయి. మధ్యాహ్నం టేలా వచ్చింది. ఆఫీసు వైపు చూడనైనా చూడలేదు. నేరుగా నా దగ్గరకే వచ్చింది.

“ఆ కంచె తీసెయ్యి” అంది.

“నేను కూలివాణ్ణమ్మా. కంచె కంపెనీది” అన్నాను.

“కాయ కొట్టింది కంపెనీ కాదు. నువ్వు.”

అప్పుడు ఆవిడ చెబితే తెలిసింది నాకు. వీళ్ళ దగ్గర, ఒకరి రేవులో వాళ్ళ చెట్టు కాయ పగలగొట్టి చేత్తో తినిపించావంటే, మాటిచ్చినట్టు. ఈ రేవు మీదే, దీనికి నేను పూచీ, నా ఇల్లు పూచీ అని. తిన్నవాళ్ళు ఆ మాట నమ్మినట్టు, ఇక గొడవ పెట్టకూడదు. ఆవిడ చెట్టు కాయే ఆవిడకు పెట్టి, నాకు తెలియకుండానే అంత మాట ఇచ్చేశాను. ఆవిడ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. “నేను తిన్నాను, కాబట్టి నేను నోరెత్తకూడదు. నీ నోరు ఎత్తు” అంది. అని, అక్కడే నిలబడింది.

ఎత్తానక్కా. మేనేజరు గదిలోకి చెప్పులతోనే దూసుకుపోయాను. మాకు తెలియక జరిగింది, వాళ్ళు ఇలా అనుకుని లేచారు, కంచె వెనక్కి జరపండి, పడవలకైనా దారి వదలండి అని చెప్పాను. వాడు నవ్వాడు. “తెలుసు” అన్నాడు. ఆ రోజే ఎవరినో అడిగి కనుక్కున్నాడట. కనుక్కుని, గుట్టు చప్పుడు కాకుండా ఊరుకుని, తాపీగా కంచెకు పిలిపించాడు. “లోకల్ కల్చరంటే మాకు చాలా గౌరవం” అన్నాడు. వాడి మొహం మండ! మన దేవుడి కాయ, వాళ్ళ మాట, రెండూ కలిపి నమిలేశాడు, పళ్ళకు అంటకుండా.

అంతటితో ఆగలేదు. పడమటి రేవులో హోటలు కట్టాలి. అక్కడా జనం కూచున్నారు. అక్కడా నేనే కాయ కొట్టాలట. ఈసారి మంత్రిగారొస్తారు, ఫొటోలు తీస్తారు, నాకు కొత్త చొక్కా ఇస్తారు. ఆ రేవు చెట్ల కాయలే తెప్పించి పెట్టాడు, రిబ్బను కట్టి. నేను ఆ రిబ్బను వైపు చూస్తుంటే, “మీ తమ్ముడు రావాలన్నావు కదా. ఆ పని అయిన మర్నాడే వాడి ఆర్డరు ఇస్తాను” అన్నాడు. సొరుగు లాగినంత తేలిగ్గా అన్నాడు.

ఆ సాయంత్రమే చిన్నోడితో ఫోను కలిసింది. వాడి తెలుగు తెలుసుగా, సగం బర్మా మాట. “అకో, బెడో లే? ఎప్పుడొస్తాది ఆర్డరు?” అన్నాడు. ఇంకేమీ అడగలేదు. ఎక్కడున్నావురా అంటే చెప్పలేదు. వెనక ఎవరో తలుపు వేసిన చప్పుడైంది, వాడు గొంతు తగ్గించాడు, లైను పోయింది. చుట్టూ భోజనం చేస్తున్నవాళ్ళు చూస్తుండగా నేను కంచం తోసేసి బయటికి వచ్చేశాను.

మావ వెనకాలే వచ్చాడు. మొత్తం చెప్పాను.

“కొట్టీ” అన్నాడు మావ. “కొడితే ఏటి? మనం దేవుడికి కొడతన్నాం. ఆళ్ళేటనుకుంటే మనకేటి? ఆళ్ళు నీకు సుట్టాలేటి?”

“మొదటిసారి తెలీక కొట్టాం మావా. ఇప్పుడు తెలిసి కొడితే మోసం కాదా?”

“మోసమే. కాదన్నానేటి? రేవు పోతే మనిసి బతుకుతాడు. ఆ గుంటడు సేతికి తుపాకి ఇచ్చి కొండల్లోకి తోలితే మళ్ళీ వస్తాడేటి? మీ అమ్మ మొహం నాను ఎలా సూడాల?”

“ఆ మేనేజరు గొంతు పిసకాలనుంది.”

“పిసుకు. తరవాత? ఆడి కుర్చీలోకి ఇంకోడొస్తాడు.”

అరిచాను, ముసలాయన అని చూడకుండా నానా మాటలూ అన్నాను.

ఆ రోజు రానే వచ్చింది. పడమటి రేవులో షామియానా వేశారు. మంత్రిగారు దండ వేసుకుని గంగిరెద్దులా తలాడిస్తూ కూచున్నాడు. ఎదురుగా చాపల మీద జనం, ఒళ్ళో పిల్లలతో ఆడవాళ్ళు. తూర్పు రేవులో కాయ తిన్న దగ్గర్నుంచీ అక్కడివాళ్ళు నోరెత్తకూడదు కదా, అందుకే అక్కడి కంచె కనబడినా, దాని వెనకున్న కాయ సంగతి వీళ్ళకు చెప్పినవాళ్ళు లేరు. మేనేజరు నా చేతిలో కాయ పెట్టాడు. నేను దాన్ని బల్ల మీద పెట్టేశాను.

“నేను కొట్టను” అన్నాను.

మేనేజరుకు కోపం రాలేదు. వాడి కోపం కూడా డబ్బున్నవాడి కోపం, అనవసరంగా ఖర్చు పెట్టడు. నన్ను వదిలేసి మావ వైపు చూశాడు. మావ నా వైపు చూడకుండా వచ్చి ఆ కాయ తీసుకున్నాడు. నుదుట బొట్టు పెట్టుకుని ఉన్నాడు, తెల్లటి చొక్కా వేసుకుని ఉన్నాడు. అప్పుడు గాని నాకు అర్థం కాలేదు, ముందే నిశ్చయించుకుని వచ్చాడని. కొట్టాడు. ముక్కలు పళ్ళెంలో పెట్టుకుని చాపల దగ్గరికి నడిచాడు. ముందు వరసలో ఒక ముసలాయన చెయ్యి చాపాడు.

అక్కా, ఇక్కడ నిజం రాయాలి. కొట్టనన్నవాణ్ణి, ‘తినకండి’ అని అరవచ్చు. ఒక్క మాట. ఆ మాట ఇంగ్లీషులో కూడా నాకు వచ్చు. నోటి చివరి దాకా వచ్చింది. చిన్నోడు గొంతు తగ్గించి మాట్లాడింది చెవిలో వినిపించింది. నేను నోరు మూసుకున్నాను. ముసలాయన తిన్నాడు. పిల్లలు కూడా తిన్నారు. ఫొటోలు తీశారు, మంత్రిగారు చప్పట్లు కొట్టాడు, జనం చాపలు చుట్టుకుని లేచారు.

తర్వాత మావను నిలదీశాను. ఆయన సంచి సర్దుకుంటున్నాడు. “నాను ఎల్లిపోతాను గదా. ఆళ్ళు అడగడానికొస్తే నానుండను. పాపమేదో నాకే. నువ్వు కొట్టలేదు, నీ సెయ్యి సుబ్బరం” అన్నాడు. ఎంత ప్రేమగా అన్నాడో తెలుసా? ఆ ప్రేమకే నాకు ఒళ్ళు మండిపోయింది. ఏం శుభ్రం! వాళ్ళు వస్తారు. ఇప్పటికే కంచెకు స్తంభాలు దింపుతున్నారు. మావ ఓడెక్కి పోయాక, మీ మనిషి మాటిచ్చాడు, అతనేడి అని ఆ ముసలాయన వచ్చి అడిగేది నన్నే. నేనేం చెప్పాలి? మా మావకు మీరు చుట్టాలు కారు, మా తమ్ముడు చుట్టం అని చెప్పనా?

ఎవడి మీద కోపపడాలో చెప్పు. మావ మీద పడలేను. మేనేజరు మీద పడితే వాడికి దోమ కుట్టినట్టు కూడా ఉండదు. ఒక దేశమేమో కుర్రాళ్ళను పట్టుకుంటుంది, ఇంకో దేశం రేవులు అమ్ముకుంటుంది, మధ్యలో ఒక కొబ్బరికాయ తెచ్చి మనలాంటి వాళ్ళ చేతిలో పెట్టి, నీ తమ్ముడా, వాళ్ళ పిల్లలా, తేల్చుకో అంటారు. అలా అడిగే హక్కు వాడికెవడిచ్చాడు? అది తలచుకుంటే పళ్ళు పటపటమంటాయి. ఆ తర్వాత, నేను తేల్చేశాను కదా అని గుర్తొస్తుంది. ఇక ఎవడి మీదా కోపపడే మొహం నాకు లేదు. అయినా కోపం పోదు.

చెప్పిన ప్రకారం మర్నాడే ఆర్డరు ఇచ్చాడు. చిన్నోడి పేరు తప్పు లేకుండా రాసి ఉంది. చింపుదామని రెండు చేతుల్తోనూ పట్టుకున్నాను. చింపలేదు. మడిచి మావకిచ్చాను, ఈ ఉత్తరంతోపాటు నీకు అందుతుంది.

అమ్మకు ఇదంతా చెప్పకు, తమ్ముడికి పని దొరికిందని మాత్రం చెప్పు. సంతోషించనీ. మావ వస్తే మంచి భోజనం పెట్టు. నేను ఆయన్ని అన్న మాటలకు నా తరఫున కాళ్ళు పట్టుకో. బావకు, మీ అత్తగారికి, మెట్ల కింద టీ కొట్టు దా మ్యా పిన్నికి అందరినీ అడిగానని చెప్పు. అమ్మ పాదాలకు నా తల ఆనించానని చెప్పు. దీవెన నాకొద్దు, ఉన్నదంతా వాడికివ్వమను.

చిన్నోడికి మాత్రం ఈ ఉత్తరం మొత్తం చదివి వినిపించు. వాడికి తెలుగు చదవడం రాదు, వింటే అన్నీ అర్థమవుతాయి. తన ఆర్డరు కోసం ఎవరు చెయ్యి చాపి ఆ ముక్క తిన్నారో వాడికి తెలియాలి. విని వెళ్ళనంటే, చెంప మీద ఒకటి కొట్టి అయినా ఓడెక్కించు.

త్వరగా పంపించు అక్కా.

నీ తమ్ముడు,
పైడిరాజు